506002: వరంగల్ పిన్‌కోడ్‌లో దాగిన లెక్క

[తెర మీద ఉత్తరం కవరు; చిరునామా చివర 506002]

వరంగల్‌కు ఉత్తరం రాసేవారు చిరునామా చివర 506002 అని వేస్తారు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ పద్ధతిలో మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. మనం దీనిని అయిదు లక్షల ఆరు వేల రెండు అనే పూర్ణసంఖ్యగా చదివి, కారణాంకాలను వెతుకుదాం.

[కాగితం మీద భాగహారం]

సరిసంఖ్య కనుక 2 భాగిస్తుంది. అంకెల మొత్తం 13 కాబట్టి 3 భాగించదు. 5 సంగతి చివరి అంకే చెబుతోంది. 7, 11, 13లను విడివిడిగా ప్రయత్నించనక్కరలేదు. ఈ మూడింటి లబ్ధం 1001 కాబట్టి, సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీసి తేడా చూస్తే చాలు: 506లో నుంచి 2 తీసివేస్తే 504. దానిని 7 నిశ్శేషంగా భాగిస్తుంది, 11, 13 భాగించవు. 506002కూ అదే ఫలితం. బడిలో 9, 11ల సూత్రాలను వల్లె వేయిస్తారు కానీ, ఇంత పని చేసిపెట్టే ఈ కిటుకును ఎందుకో అంతగా పట్టించుకోరు.

2తో, 7తో భాగించాక 36,143 మిగులుతుంది. 17 నుంచి ఓపికగా పైకి వెళితే 47 దగ్గర శేషం లేకుండా 769 వస్తుంది. ఇక్కడ చాలామంది మళ్లీ మొదటి నుంచి భాగించడం మొదలుపెడతారు. అది వృథా శ్రమ. 769 సంయుక్త సంఖ్యే అయితే, దాని వర్గమూలం 28కి లోపే కనుక, 28 కంటే చిన్న ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దానిని భాగించి తీరాలి. 2, 7 తప్ప మిగిలిన వాటినన్నిటినీ దారిలోనే తోసిపుచ్చాం, ఆ రెండూ 769ని భాగించవు. కాబట్టి 769 ప్రధాన సంఖ్య.

[తెర మీద: 506002 = 2 × 7 × 47 × 769]

ఏ ప్రధానమూ రెండోసారి రాలేదు కనుక ఇది వర్గరహిత సంఖ్య, కారణాంకాలు 16. వాటి మొత్తం 3 × 8 × 48 × 770, అంటే 8,87,040. అందులో నుంచి సంఖ్యను తీసివేస్తే 3,81,038 మాత్రమే మిగులుతుంది, అది 506002 కంటే తక్కువ కనుక ఇది న్యూన సంఖ్య. 7ను 4తో భాగిస్తే శేషం 3. అటువంటి ప్రధానమైన 7 ఒక్కసారే వచ్చింది కాబట్టి 506002ను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. 769ని మాత్రం రాయవచ్చు: 25 వర్గం, 12 వర్గం.

[సిబ్బిలో పేర్చిన బతుకమ్మ, పక్కన చతురస్రపు వరుసల గోపురం]

నాకు ఎక్కువ నచ్చింది ముందున్న 506. బతుకమ్మను పైకి పోయేకొద్దీ సన్నగా పేర్చినట్టు, గుండ్రంగా కాక చతురస్రంగా, అడుగున 11 వరుసలకు 11 చొప్పున, దానిపై 10 వరుసలకు 10 చొప్పున, చివరకు ఒక్కటి వచ్చేదాకా నిమ్మకాయలు పేరిస్తే సరిగ్గా 506 పడతాయి. వర్గాల మొత్తానికి ఆర్యభటుడు చెప్పిన సూత్రం ప్రకారం అది 11 × 12 × 23ను 6తో భాగిస్తే వచ్చే సంఖ్య. 12ను 6తో కొట్టివేస్తే 2 మిగిలి, 11తో కలిసి 22 అవుతుంది. అందుకే 506 పక్కపక్కనే ఉన్న 22, 23ల లబ్ధం కూడా అయింది.