కారు ఆగిపోతే ముందు మనుషులు రోడ్డు దిగాలి

నమస్తే ఫ్రెండ్స్. పోయిన మాఘమాసంలో పలాసలో పెళ్ళి చూసుకుని రాత్రి పూట బరంపురం తిరిగి వస్తున్నాం. ఇచ్ఛాపురం దాటాం, గిరిసోలా కూడా దాటాం, ఇంక ఇంటికొచ్చేసినట్టే అనుకుంటుంటే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. రేడియేటర్ పైపు పగిలింది. బండిని ఎడమ అంచుకు తెచ్చి ఆపాను, నాలుగు ఇండికేటర్లూ వేశాను. అక్కడిదాకా సరిగ్గానే చేశాను, ఆ తర్వాత చేసిందంతా తప్పే.

నేను బానెట్ ఎత్తి చూస్తున్నాను. మా ఆవిడ, పిల్లలు చలికి లోపలే కూర్చున్నారు. మా మావయ్యగారు వెనక్కెళ్ళి, ఆగిన బండి వెనక హెచ్చరికగా పెట్టే ఎర్ర ట్రయాంగిల్ కోసం డిక్కీలో వెతుకుతున్నారు. అది ఎక్కడుంది? పెళ్ళి స్వీట్ల డబ్బాలు, రెండు సూట్‌కేసులు, వాటి కింద స్టెప్నీ, దాని పక్కన. బండి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఆయన ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని, నడుం వంచి, తల డిక్కీలో పెట్టి ఉండగా పక్కనుంచి లారీ వెళ్ళింది. ఆ గాలికి కారు ఊగిపోయింది, ఆయన చేతిలోని కవరు ఎగిరి ఎక్కడో పడింది. మావయ్యగారు ఏమీ మాట్లాడకుండా వచ్చి నా పక్కన మట్టిలో కూర్చుండిపోయారు. ఆ లారీ డ్రైవరుది ఏ తప్పూ లేదు, తన లేన్‌లో తను పోయాడు. నడిరాత్రి రోడ్డు మీద, బండికి వెనక, ట్రాఫిక్‌కి వీపు పెట్టి ఒక పెద్దాయన్ని నిలబెట్టింది నేను.

అందుకే ఈ వీడియో. హైవే మీద బండి ఆగగానే మన కళ్ళన్నీ బండి మీదే ఉంటాయి, ఏం పోయింది, ఎంత ఖర్చవుతుంది, మెకానిక్ దొరుకుతాడా అని. ముందు మనుషుల్ని రోడ్డు మీదనుంచి దించండి. ఎడమవైపు తలుపుల్లోంచే అందరూ దిగాలి, డ్రైవరు కూడా వీలైతే అటు జరిగి దిగాలి. ఇనుప రెయిలింగ్ ఉంటే దాటి అవతలికి వెళ్ళి, కారుకి సూటిగా పక్కన కాకుండా కాస్త వెనక్కి, అంటే బండ్లు వచ్చే వైపు నిలబడాలి. ఎందుకంటే ఎవరైనా వచ్చి గుద్దితే మన కారు ముందుకే ఎగురుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

రాత్రి దొంగల భయం కదా, తలుపులు లాక్ చేసుకుని లోపల కూర్చోవడమే మేలు కదా అని చాలామంది అంటారు, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ ఒక లెక్క చూడండి. నాలుగు లేన్ల హైవే మీద లారీకి అనుమతించిన వేగమే 80 కిలోమీటర్లు. అంటే సెకనుకి 22 మీటర్లు. డ్రైవరు మిమ్మల్ని 50 మీటర్ల దూరంలో గమనించాడనుకోండి, అతని చేతిలో ఉన్నది రెండు సెకన్ల పైచిలుకు. కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే అందులో చాలావరకు అయిపోతుంది, ఆ తర్వాత నిండు లోడు ఆగాలి. కాబట్టి బయట నిలబడే చోటు ఉంటే బయటే ఉండండి, ఎవరైనా అనుమానంగా కనిపిస్తే అప్పుడు లోపలికి వెళ్ళి లాక్ చేసుకోండి. వంతెన మీద ఆగిపోయి దిగడానికి చోటే లేకపోతే మాత్రం, బెల్టులు పెట్టుకుని, నాలుగు ఇండికేటర్లు వేసి, వెంటనే ఫోన్ చెయ్యాలి.

అసలు వంతెన మీద, మలుపులో ఆపకుండా ఉండటమే మన చేతిలో ఉన్న పని. టైరు పంక్చర్ అయినా మెల్లగా వంద రెండొందల మీటర్లు లాగించండి, టైరు పోతుంది, రిమ్ము కూడా పోవచ్చు, పోనివ్వండి. ఇంజిన్ ఆగిపోతే స్టీరింగూ బ్రేకూ రెండూ రాయిలా బిగుసుకున్నట్టు అనిపిస్తాయి, కంగారు పడొద్దు, బలంగా తొక్కితే బ్రేకు పనిచేస్తుంది. బండి పూర్తిగా ఆగేదాకా తాళం మాత్రం తియ్యకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

ఇప్పుడు ట్రయాంగిల్ సంగతి. ఇండికేటర్లు వేశాం కదా, చాలు అనుకుంటాం. మలుపు వెనకనుంచో, ముందున్న బస్సు చాటునుంచో వచ్చేవాడికి ఆ ఇండికేటర్లు కనిపించేది ఆఖరి క్షణంలోనే. ట్రయాంగిల్‌ని వంద పెద్ద అంగలు వెనక్కి తీసుకెళ్ళి పెట్టండి. 80 వేగంలో వచ్చేవాడికి నాలుగున్నర సెకన్లు దొరుకుతాయి. తీసుకెళ్ళేటప్పుడు రెయిలింగ్ అవతలే నడుస్తూ, దాన్ని ఛాతీ ముందు ఎత్తి పట్టుకోండి. వెళ్ళేటప్పుడు బండ్లు ఎదురుగా కనిపిస్తాయి, తిరిగి వచ్చేటప్పుడే వీపు చూపిస్తాం, కాబట్టి నాలుగు అడుగులకోసారి వెనక్కి చూడాలి. ఎడమ అంచున రాంగ్ రూట్లో వచ్చే బైకుల్ని కూడా కనిపెట్టుకుని ఉండాలి, మన వైపు వాటికి కొదవ లేదు.

ఇంట్లో పగటిపూట ఒకసారి ఆ కవరు విప్పి, కింది కాళ్ళు అడ్డంగా తిప్పి, పై రెండు పుల్లలూ కలిపి నొక్కి చూడండి. నేను మొదటిసారి గదిలో లైటు కింద కూర్చుని చేస్తేనే ఐదు నిమిషాలు పట్టింది, చీకట్లో వణికే చేతులతో ఎంత పడుతుందో మీరే ఊహించండి. నాది ఇప్పుడు డ్రైవర్ సీటు కింద ఉంటుంది, దానితో పాటే ఒక మెరిసే జాకెట్టు.

ఘాట్ రోడ్డు సంగతి వేరు. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే 26వ నెంబరు హైవే తెలిసినవాళ్ళకి తెలుసు, శీతాకాలం తెల్లవారుజామున మంచు దిగితే బానెట్ చివర కూడా కనిపించదు. అక్కడ ట్రయాంగిల్ మలుపులో పెడితే పెట్టనట్టే. మలుపు మొదలవ్వకముందే పెట్టాలి, వచ్చేవాడు మలుపు తిరగకముందే చూడాలి. మధ్యలో డివైడర్ లేని చోట ఎదురు వైపు కూడా గుర్తు ఉండాలి, ట్రయాంగిల్ ఒకటే ఉంటే అటువైపు ఒక మనిషి రోడ్డుకి దూరంగా నిలబడి టార్చి ఊపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టండి. స్టీరింగ్ కొండ వైపుకి తిప్పి ఉంచండి, జారినా లోయ వైపు పోకుండా. బండికి కింది వైపు ఎవరూ నిలబడొద్దు.

ఫోన్ ఎవరికి చెయ్యాలి? జాతీయ రహదారి మీద ఎక్కడున్నా 1033, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. టోల్ కట్టే రోడ్ల మీద పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ ఉంటాయి, అది మనం డబ్బు కట్టి తీసుకునే సేవే, మొహమాటం అక్కర్లేదు. ప్రమాదం ఏదైనా జరిగితే 112, అంబులెన్స్‌కి 108. ఇచ్ఛాపురం దగ్గర, పర్లాకిమిడి దగ్గర మన ఫోను అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది, అందుకని ముందు ఒడిశాలో ఉన్నారా ఆంధ్రాలో ఉన్నారా అది చెప్పండి, తర్వాత హైవే నెంబరు, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు వెళ్తున్నారు, పక్కనున్న కిలోమీటరు రాయి మీద ఏముంది, ఈ వరుసలో. శ్రీకాకుళం వైపునుంచి వచ్చేవాళ్ళకి ఒడియా రాకపోయినా ఒక్క ముక్క నేర్చుకోండి, 'గాడి ఖరాప్ హెయిగలా', బండి పాడైంది అని. ఎవరైనా ఆగుతారు, చాలాసార్లు చూశాను.

ఎదురుగా డాబా కనిపిస్తోంది కదా అని డివైడర్ మీది గన్నేరు మొక్కల్లోంచి దూరి అవతలికి మాత్రం పోవద్దు. ఆ మొక్కల్లోంచి మనిషి బయటికొచ్చేదాకా అటు వచ్చే డ్రైవరుకి కనిపించడు. టైరు మార్చాల్సింది కుడివైపు అయితే, అంటే బండ్లు పోయే వైపు అయితే, మీరు ముట్టుకోకండి. పెట్రోలింగ్ బండి వచ్చి వెనక అడ్డం నిలబడ్డాక మార్చుకోవచ్చు. ఎడమవైపు అయినా మట్టిలో జాకీ దిగబడుతుంది, కింద పలక పెట్టండి.

ఇంకొకటి, ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. లారీ పాడైతే వెనక రాళ్ళు పేర్చి, చెట్టు కొమ్మలు విరిచి పెడతారు. ట్రయాంగిల్ లేనప్పుడు ఆ కొమ్మలే దిక్కు, తప్పనను. కానీ బండి బాగయ్యాక కొమ్మలూ రాళ్ళూ అక్కడే వదిలి వెళ్ళిపోతారు. ఆ రాయి మీద పడేది కారు కాదు, రాత్రి రెండో ఆటకి పోయి బైకు మీద ఇంటికొచ్చే కుర్రాడు. మీరు ఏది పెట్టినా లెక్క పెట్టుకోండి. బయల్దేరే ముందు ఒకరు రెయిలింగ్ పక్కనుంచి వెనక్కి నడిచి, ట్రయాంగిల్ తీసుకుని, పెట్టిన రాళ్ళన్నీ కాలవ వైపు దొర్లించి రండి. ఆ రాత్రి మా ముందు ఎవరో వదిలేసినవి మూడు దొరికాయి, మావయ్యగారే దొర్లించారు.