కుంచం మీది గోపురం

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక చిన్న క్రైస్తవ కళాశాలలో, విద్యార్థుల పరిశోధన సమర్పణల రోజున చేసిన ప్రసంగ పాఠం

సభను ప్రార్థనతో ప్రారంభించిన పాస్టరు గారికి, ప్రిన్సిపల్ గారికి, అధ్యాపక మిత్రులకు, తమ పిల్లలు ఏం చెబుతారో వినాలని కొండ దిగి వచ్చిన తల్లిదండ్రులకు, ఉదయం నుంచి ఒకరి తరువాత ఒకరు ఇక్కడ నిలబడి తాము చేసిన పనిని వివరించిన విద్యార్థులకు నా వందనాలు. నన్ను తెలుగులోనే మాట్లాడమన్నారు. నా మాటల సారాన్ని ఒడియాలో ఒకరు, ఇక్కడి కొండల మీది సవరల భాష అయిన సవరలో ఒకరు చెప్పడానికి ఇద్దరు విద్యార్థులు ముందుకు వచ్చారు కనుక, వారి కోసం అక్కడక్కడ ఆగుతూ మాట్లాడతాను.

పరిశోధనలో పాటించవలసిన విలువల గురించి రాసుకున్న కాగితాలు నా చేతిలో ఉన్నాయి. నిన్న రాత్రి పర్లాకిమిడిలో మా ఇంట్లో కూర్చుని శ్రద్ధగానే రాసుకున్నాను. కాని ఉదయం జరిగిన మూడో సమర్పణ విన్న తరువాత ఆ కాగితాలు చదవాలని అనిపించడం లేదు.

ఆ సమర్పణ చేసిన అమ్మాయి అర్థశాస్త్రం చదువుతున్నది. తన ఊరివాళ్ళు పోడులో పండించిన కందులు, చోళ్ళు (రాగులు), ఉలవలు వారపు సంతకు తెచ్చి ఎంతకు అమ్ముతున్నారో, అదే సంతలో ఉప్పు, ఎండు చేపలు ఎంతకు కొంటున్నారో వారం వారం వెళ్ళి రాసుకున్నది. పట్టికలు స్పష్టంగా ఉన్నాయి, అడిగిన ప్రశ్నలకు తడబడకుండా జవాబులు చెప్పింది. అయితే రెండో పట్టిక కింద చిన్న అక్షరాలలో ఒక వాక్యం ఉంది: 'స్థానిక కొలతలను కిలోలలోకి మార్చడమైనది.' అమ్మా, నీ పనిలో తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తడం లేదు. ఆ వాక్యాన్ని సరిగ్గా అదే రూపంలో, నలభై ఏళ్ళకు పైబడిన కాలం క్రితం, ఇదే జిల్లా సంత గురించి రాసిన నివేదికలో నేను రాశాను. ఆ వాక్యం రాయడం వల్ల నేను ఏం పోగొట్టుకున్నానో ఈ రోజు ఇక్కడ చెప్పకపోతే మళ్ళీ చెప్పే అవకాశం నాకు రాకపోవచ్చు.

1983లో నేను అర్థశాస్త్రం విద్యార్థిని. నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు 1900లో వేసి, తరువాత 1931 నాటికి గుణుపురం వరకు పొడిగించిన చిన్న రైలు మీద కాశీనగరం వైపు వెళ్ళి, అక్కడి నుంచి నడిచి సంత చేరుకునేవాణ్ణి. కొండల మీద నుంచి సవరలు తెల్లవారకముందే బయలుదేరి కావళ్ళలో, తల మీది బుట్టలలో ధాన్యం తెచ్చేవారు. మెట్రిక్ పద్ధతి చట్టప్రకారం 1958 నుంచి దేశంలో దశలవారీగా అమలులోకి వచ్చి అప్పటికి పాతికేళ్ళు అయినా, ఆ సంతలో గింజలన్నీ కుంచం, అడ్డ, మానిక అనే పాత కొలపాత్రలతోనే కొలిచేవారు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని మా నాయనమ్మ నేర్పిన లెక్క నాకు వచ్చు కనుక, పని సులువుగానే అయిపోతుందనుకున్నాను.

రెండు మూడు వారాలు ధరలు రాసుకున్న తరువాత నా కళ్ళు ధరల మీద నుంచి చేతుల మీదికి మళ్ళాయి. షావుకారు కందులు కొనేటప్పుడు కుంచంలో గింజలు పోసి, అరచేతితో అణచి, కుంచాన్ని నేలకు రెండుసార్లు తట్టి కుదిలించి, ఖాళీ అయిన చోట మళ్ళీ పోసి, అంచు దాటి గింజలు గోపురంలా లేచి జారిపడేదాకా పోయించేవాడు. జారిపడ్డ గింజలు కింద పరచిన గోనె మీదనే పడేవి, ఆ గోనె షావుకారుదే. అదే షావుకారు అదే కుంచంతో సవర మనిషికి ఉప్పు కొలిచేటప్పుడు మెల్లగా, గుల్లగా పోసి, అంచు మీద అరచేయి రాసి, పైనున్నదంతా తన బస్తాలోకి తోసేసేవాడు. కుంచం ఒక్కటే, దాని లోపలి కైవారం ఒక్కటే. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు మరొక కుంచం అయ్యేది.

ఒకనాడు సంత ముగిశాక, నా మీద దయతో ఒక చిన్న వ్యాపారి నాలుగు కుంచాలుగా కొన్న కందులను తిరిగి కొలవనిచ్చాడు. నేను అంచుకు చేయి రాసి కొలిచాను. నాలుగు కుంచాలు నిండిన తరువాత కూడా గోనెలో కందులు మిగిలాయి. ఆ మిగులును నేను గుప్పిళ్ళతో ఎత్తి చూశాను. ఆ రాత్రి నోటుపుస్తకంలో రెండు పేజీలు రాశాను. కుంచం ఎవరిది, ఎవరి చేతిలో ఉంది, ఎలా నింపారు, ఎన్నిసార్లు తట్టారు, గింజలు అమ్ముతున్న ముసలాయన అప్పుడు ఏమన్నాడు, ఇదంతా రాశాను. ఆయన అన్న మాటను సవరలోనే, తెలుగు లిపిలో రాసుకున్నాను. కుంచం పైన లేచే ఆ గోపురానికి వాళ్ళ భాషలో ఒక పేరు ఉంది. ఆ పేరు చెప్పి, దాని వెంటనే మరో మాట కూడా చెప్పాడు, అది కొలతలో చేరదు, ఇంటికి తిరిగి రాదు అని.

ఆ నోటుపుస్తకం పట్టుకుని నా మార్గదర్శకులైన అధ్యాపకుల దగ్గరికి వెళ్ళాను. ఆయన విద్యావంతుడు, నా మీద ప్రేమ ఉన్నవాడే. పేజీలు తిప్పి చూసి, ఇవి సంతలో విన్న కబుర్లని, సమాచారం కాదని అన్నారు. కుంచం చట్టం గుర్తించని కొలత కనుక అన్నింటినీ కిలోలలోకి మార్చమన్నారు. స్థానిక పదాలు అనుబంధంలో కూడా ఉంచవద్దు, పరీక్షకులకు అవి అర్థం కావు అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. కుంచం కందులకు ఇన్ని కిలోలని ఒక సగటు వేసి, కొనుగోలుకూ అమ్మకానికీ అదే సగటు వాడి, పట్టిక పూర్తి చేశాను. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ పట్టిక ప్రకారం సంతలో కొలత విషయంలో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. నేను కళ్ళారా చూసింది, చేతులారా కొలిచింది, నా లెక్క వల్లనే లేకుండా పోయింది. మంచి మార్కులు వచ్చాయి. ఉద్యోగం కోసం ఊరు మారేటప్పుడు ఆ నోటుపుస్తకాన్ని మిగతా పాత పుస్తకాలతో కలిపి పాత కాగితాలవాడికి వేసేశాను.

విద్యార్థులకు ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కుంచం అనేది ఎంత చోటు పడుతుందో చెప్పే కొలత, కిలో అనేది ఎంత బరువో చెప్పే కొలత. కుంచం కందులు, కుంచం చోళ్ళు ఒకే బరువు తూగవు. తడి గింజ, ఎండు గింజ ఒకే బరువు తూగవు. అణచి పోసినదీ గుల్లగా పోసినదీ ఒకే బరువు తూగవు. కనుక మార్చవద్దని నేను చెప్పడం లేదు, తప్పక మార్చండి. అయితే ముందు విన్నది విన్నట్లు రాయండి. తరువాత ఆ సంతలో వాడే కుంచాన్నే అడిగి తీసుకుని, నీళ్ళు పోసి ఎన్ని లీటర్లు పడతాయో చూడండి. ఒక్కొక్క గింజను అంచుకు రాసి ఒకసారి, గోపురం పోసి ఒకసారి త్రాసులో వేసి తూచండి. కొనే కొలతకు ఒక నిలువు వరుస, అమ్మే కొలతకు మరొక నిలువు వరుస గీయండి. ఆ రెండు వరుసల మధ్య తేడా కనిపిస్తే, మీ పరిశోధన అక్కడ మొదలవుతుంది.

చాలా ఏళ్ళ తరువాత ఒక ఆదివారం ఆరాధనలో లూకా సువార్త 6వ అధ్యాయం 38వ వచనం చదువుతున్నారు. అణచి, కుదిలించి, పొర్లిపోయేలా నింపిన కొలతను మీ ఒడిలో పోస్తారని ప్రభువు చెప్పిన మాట అది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం కూర్చున్న చోట కూర్చోలేకపోయాను. అణచడం, కుదిలించడం, పొర్లించడం, ఈ మూడు పనులనూ ఇదే వరుసలో నేను నోటుపుస్తకంలో రాసుకుని, తరువాత కొట్టివేశాను. సువార్తలో అది ఇచ్చేవాని ఔదార్యం, నేను చూసిన సంతలో అవే మూడు పనులు తీసుకునేవాడు చేశాడు. ఇంట్లో హెచ్చుతగ్గుల తూములు, అంటే గింజలు కొలిచే పాత్రలు, ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం చెబుతుంది. అక్కడ తూములు రెండు. ఇక్కడ తూము ఒక్కటే, చేతులు రెండు రకాలు. వాక్యం చదివే కళాశాలలో ఈ తేడాను పట్టికలోకి ఎక్కించడం చదువుకు బయటి పని అని నేను అనుకోను.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు (1863–1940) ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా పనిచేశారని మీలో తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటమే మనం ఎక్కువగా చెప్పుకుంటాము. నాకు మాత్రం ఆయన సవర పని మీద మరింత గౌరవం. సవర తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడి పెట్టించారు, 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురింపజేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అదే సంవత్సరం మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సోంపెంగ్ లిపిని కూర్చారు. ఈ రోజు సవరను ఆ లిపిలో రాసేవారున్నారు, ఒడియా లిపిలో, తెలుగు లిపిలో, రోమన్ లిపిలో రాసేవారూ ఉన్నారు. ఏ లిపి అన్నది ఇప్పుడు నా ప్రశ్న కాదు. మీకు చేతనైన లిపిలో రాయండి, కాని అన్న మాటను అన్నట్లు రాయండి. పంతులు గారికి ఆ భాష నేర్పినవారి పేర్లు ఎంతమంది నోట ఉన్నాయి? మీ నివేదికలో మాట చెప్పిన మనిషి పేరు, ఆయన ఒప్పుకుంటే, ఊరి పేరుతో సహా ఉండాలి. ఒప్పుకోకపోతే పేరు రాయకండి, అడిగే ముందే ఆ మాట చెప్పండి.

హాస్టలు నీటి మీద పనిచేసిన అబ్బాయి, తన పరీక్షలలో ఏదీ తేలలేదని దాచుకోకుండా చెప్పాడు. అతనికి నా అభినందనలు, తేలని సంగతిని తేలలేదని రాయడం పరిశోధకుడు చేయవలసిన పనే.

ప్రిన్సిపల్ గారూ, ఇప్పుడు నా అభ్యర్థనలు. మీ గ్రంథాలయంలో ఒక అలమర విద్యార్థుల క్షేత్ర నోటుపుస్తకాలకు కేటాయించండి. నివేదిక ఒక్కటే దాచి నోటుపుస్తకం పారేస్తే, ఉడికిన అన్నం దాచి విత్తనం పారేసినట్లు. మార్కులు వేసేటప్పుడు నోటుపుస్తకానికి కూడా కొంత భాగం ఉండాలి. విద్యార్థి సవరలోనో తెలుగులోనో ఒడియాలోనో సేకరించిన సంగతి మీద ప్రశ్న అడిగితే, ఆ భాషలోనే జవాబు చెప్పనివ్వండి. ఈ ఉదయం ఒక విద్యార్థి జవాబు తెలిసి కూడా ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుంటూ ఆగిపోవడం మనమందరం చూశాము. పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి వచ్చేవారికి సంతలో ముసలాయనతో మాట్లాడాలంటే దుబాసీ కావాలి. ఇక్కడ చదివే పిల్లలలో కొందరి తల్లులు ఆ సంతలోనే బుట్ట ముందు కూర్చుంటారు. ఈ వసతిని దయచేసి వృథా కానివ్వకండి.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు పుస్తకం పట్టుకుని మీ వెంట సంతకు వస్తే సిగ్గుపడకండి, విసుక్కోకండి. వాళ్ళు రాసిన పట్టికను ఒకసారి మీ భాషలో చదివి వినిపించమని అడగండి. తప్పు ఉంటే మీకే ముందుగా తెలుస్తుంది.

మరల ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. అమ్మా, భోజన విరామానికి ముందు ఎవరో ప్రశ్న అడిగితే, మా ఊళ్ళో గింజలు కొలిచేటప్పుడు పైన కొంచెం ఎక్కువ పోస్తారని నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయావు. నీ పట్టికలో అది లేదు. నీ నోటుపుస్తకంలో ఉంటుందని నా నమ్మకం. ఆ ఎక్కువకు మీ భాషలో ఒక పేరు ఉంది. 1983లో నేను దాన్ని ఒక ముసలాయన నోట విని రాసుకున్నాను. ఆ పుస్తకం పోయింది, మాట కూడా నాకు గుర్తు రావడం లేదు. తరువాత ఎందరినో అడిగాను, వాళ్ళు చెప్పిన మాటలేవీ ఆ మాటలా అనిపించలేదు. మధ్యాహ్నం సమర్పణలు మొదలయ్యేలోగా నీ నోటుపుస్తకం తెచ్చి, ఆ మాట ఉన్న పేజీ నాకు చూపించగలవా? లేకపోతే మీ అమ్మగారిని అడిగి చెప్పు, నేను ఇక్కడే కూర్చుంటాను.