బోర్డు మీద ఆ పేర్లు ఎందుకు రాయిస్తున్నాం?

అందరికీ నమస్కారమండి. హెచ్ఎం గారికి, టీచర్లకి, పనులు మానుకుని వచ్చిన అమ్మానాన్నలకి, పేరుపేరునా చెబితే టైమంతా దానికే పోతుంది కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. పిల్లల్లో దయ పెంచడం ఎలా అనే దాని మీద మాట్లాడమన్నారు, మాట్లాడతాను, కానీ నా మనసులో చాలా ఏళ్ళుగా నానుతున్న విషయం ఒకటుంది, అది చెప్పకుండా దయ గురించి ఎంత చెప్పినా పైపై మాటలే.

టీచర్ బయటికి వెళ్తూ లీడర్ని పిలిచి "మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి" అంటారు చూడండి, అదీ విషయం.

తర్వాత ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. లీడర్ ఫ్రెండ్సు ఎంత మాట్లాడినా పేరెక్కదు, పడనివాళ్ళు దగ్గినా ఎక్కుతుంది, పక్కన ఇంటూ మార్కులు, బతిమాలితే ఇంకో ఇంటూ, పేరు చెరిపితే పెన్సిల్ ఇస్తా రబ్బరు ఇస్తా అని బేరాలు. ఎనిమిదేళ్ళ పిల్లలండీ వీళ్ళు!

నేను పనిచేసిన ఒక స్కూల్లో మూడో క్లాసులో ఒక పాప ఉండేది. అసలు నోరు విప్పేది కాదు, ఏమడిగినా తలూపడమే. ఆ పాప పేరు రోజూ బోర్డు మీద ఉండేది. రోజూ! నోరే విప్పని పిల్ల పేరు మాట్లాడినవాళ్ళ లిస్టులో. నాది పక్క క్లాసు, వరండాలో వెళ్తూ చూసేదాన్ని. ఒకరోజు ఆగి లీడర్ని అడిగితే "ఆ పిల్ల ఏమీ అనదు టీచర్, అందుకే రాస్తా" అన్నాడు, ఏ భయం లేకుండా. వాడు చెడ్డపిల్లాడని నేను అనను, చాక్‌పీస్ చేతికిచ్చి వాడికి అది నేర్పింది పెద్దవాళ్ళే. క్లాస్ టీచర్‌కి చెప్తే "పోన్లెండి మేడమ్, క్లాసు సైలెంట్‌గా ఉంది కదా" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మంటగానే ఉంది.

నార్వేలో డాన్ ఓల్వియస్ అనే సైకాలజిస్టు 1970ల నుంచి, స్కూల్లో పిల్లలు తోటి పిల్లల్ని వేధించడం మీద పనిచేశారు. ఒకళ్ళని కావాలని బాధపెట్టడం, అది మళ్ళీ మళ్ళీ జరగడం, అవతలివాళ్ళు తిరిగి ఏమీ చెయ్యలేని స్థితిలో ఉండటం, ఈ మూడూ ఉంటే అది వేధింపే అన్నారు ఆయన. చిన్నపిల్లల గొడవ కాదు. ఆ పాప విషయంలో మూడూ ఉన్నాయి, పైగా మన పర్మిషన్‌తో.

సరే, మరి దయ నేర్పొచ్చా అంటే నేర్పొచ్చు. కెనడాలో వాంకూవర్‌లో 9 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో కొందరిని వారానికి మూడు మంచి పనులు చెయ్యమన్నారు, ఇంకొందరిని మూడు నచ్చిన చోట్లకి వెళ్ళమన్నారు, నాలుగు వారాలు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. సంతోషం ఇద్దరికీ పెరిగింది, కానీ మంచి పనులు చేసినవాళ్ళని తమతో కలుపుకోవాలని కోరుకున్న క్లాస్‌మేట్లు ఎక్కువయ్యారు. పోస్టర్లు అంటించలేదు, ఉపన్యాసాలివ్వలేదు, పని చెప్పారు అంతే.

ఇంకోటి, దయచేసి ఇది వినండి. కెనడాలోనే ఎలిమెంటరీ పిల్లల్ని ఆటస్థలంలో వీడియో తీసి చూశారు, 2001లో అచ్చయింది. ఏడిపించే సంఘటనల్లో 88 శాతం చోట్ల పక్కన వేరే పిల్లలున్నారు. అడ్డుపడింది 19 శాతంలోనే. కానీ అడ్డుపడితే సగం కంటే ఎక్కువ సార్లు, 57 శాతం, పది సెకన్లలోపే ఆగిపోయింది. పది సెకన్లు! మనం స్టాఫ్‌రూమ్ నుంచి బయటికి వచ్చేలోపే.

అడ్డుపడటమంటే కొట్లాటకి దిగమని కాదు. ఏడుస్తున్న పిల్ల పక్కకెళ్ళి "రా, మాతో ఆడుకో" అనడం చాలు, భయమేస్తే టీచర్‌కి చెప్పడం చాలు. కానీ వాళ్ళు చెప్పడానికి వస్తే మనమేమంటాం? "చాడీలు చెప్పకు, పో" అంటాం. ఒకళ్ళని ఇరికించడానికి చెప్పేది చాడీ, ఒకళ్ళని కాపాడటానికి చెప్పేది సాయం, ఈ తేడా పిల్లలకి చెప్పండి, ముందు మనం నమ్మాలి. అమ్మానాన్నలు కూడా, ఇంటికొచ్చాక మార్కులు తర్వాత అడగండి, ఇవాళ ఎవరు ఒక్కళ్ళే కూర్చున్నారు అని అడగండి, వాళ్ళకి అన్నీ తెలుసు.

లీడర్ని తీసెయ్యమని నేననడం లేదు. ఆ పిల్లాడికి వేరే పని ఇవ్వండి, ఇంటర్వెల్‌లో ఒంటరిగా ఉన్నవాళ్ళని ఆటలోకి పిలిచే పని, అదీ వారం వారం అందరికీ మారాలి, ఆ నోరు విప్పని పాపలాంటి వాళ్ళకీ ఒక వారం రావాలి.

హెచ్ఎం గారూ, చివరిగా ఒకటి. ఇంటర్వెల్‌లో టీచర్లు ఎక్కువమంది బయట ఉన్న స్కూళ్ళలో వేధింపులు తక్కువని ఓల్వియస్ గమనించారు. మన దగ్గర డ్యూటీ చార్ట్‌లో గేటు ఉంది, టాయిలెట్ల వైపు ఎవరూ లేరు, గ్రౌండ్ వెనక వైపు ఎవరూ లేరు. వెళ్ళేలోపు ఆ రెండు చోట్లకీ పేర్లు రాసేద్దాం. సోమవారం టాయిలెట్ల దగ్గర నేను నిలబడతాను. గ్రౌండ్ వెనక ఎవరు తీసుకుంటారు?