ముందు ఆ మూలలోంచి సబ్‌వూఫర్‌ని బయటికి లాగండి

నమస్తే అండీ. ఈరోజు వీడియోలో నేల మీద పాకే పని ఒకటుంది. అందుకే పాత ప్యాంటు వేసుకొచ్చాను. ఎందుకు పాకాలో మధ్యలో చెప్తాను.

స్టీరియోలో పాటలు వినేవాళ్లలో చాలామందికి సబ్‌వూఫర్ (బేస్, అంటే బాగా లోతైన శబ్దాలు మాత్రమే మోగించే విడి స్పీకర్ పెట్టె) అంటే చిన్నచూపు. "అది సినిమాల్లో బాంబుల కోసం, పాటలకి రెండు మంచి స్పీకర్లు చాలు" అంటారు. నేనూ చాలా ఏళ్లు ఆ పాటే పాడాను. ఎందుకంటే ఎవరింట్లో విన్నా ఒకటే తంతు. పాట ఏదైనా సరే, కింద నుంచి దుమ్ దుమ్ దుమ్. బేస్ గిటార్ వాయించేవాడు పాపం వేళ్లు అరగదీసుకుని పది స్వరాలు వాయిస్తుంటాడు, మనకి మాత్రం ఒకటే స్వరం పదిసార్లు వినపడుతుంది. ఆ తప్పు పెట్టెది కాదు, పెట్టిన చోటుదని నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలు సబ్‌వూఫర్ అవసరం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతుగా ఉంటుంది. అయిదారు అంగుళాల వూఫర్ (బేస్ వాయించే కోన్) ఉన్న చిన్న స్పీకర్లు చాలావరకు 50, 60 హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తాయి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో లావు తీగ 41 హెర్ట్జ్. పియానోలో ఎడమ చివరి మెట్టు 27.5. మరి చిన్న స్పీకర్లలో ఆ స్వరాలు వినపడుతూనే ఉన్నాయిగా అంటారేమో. వినపడేది అసలు స్వరం కాదండీ, దాని మీద వచ్చే హార్మోనిక్స్. 41 ఉంటే దానితోపాటు 82, 123 అలా పైన కొన్ని ఉంటాయి. వాటిని బట్టి కింద ఏముందో మెదడు ఊహించుకుంటుంది. కాబట్టి స్వరం తెలుస్తుంది, దాని బరువు తెలీదు. ఇన్నాళ్లూ ఏదో తగ్గిందని మనకి అనిపించకపోవడానికి కారణం ఇదే.

పోనీ, ఆ చిన్న స్పీకర్‌నే ఇంకాస్త గట్టిగా తోమితే? కుదరదు. 80 నుంచి 40కి దిగి అంతే గట్టిగా మోగాలంటే కోన్ (స్పీకర్ ముందు ముందుకీ వెనక్కీ కదిలే గిన్నె లాంటి భాగం) నాలుగింతలు ఎక్కువ గాలిని కదపాలి. 40 నుంచి 20కి దిగాలంటే, దాని మీద మళ్లీ నాలుగింతలు. అందుకే పెద్ద కోన్, సొంత యాంప్లిఫయర్, విడిగా ఒక పెట్టె.

ఇక అసలు విషయం, గది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. 40 హెర్ట్జ్ అల పొడవు లెక్కేస్తే ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది. చాలా గదులు అంత పొడవుండవు. అందుకని ఆ అల గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి, వెనకాల వస్తున్న దానితో కలిసి కొన్నిచోట్ల ఉబ్బుతుంది, కొన్నిచోట్ల మాయమైపోతుంది. నాలుగు మీటర్ల పొడవున్న గది తీసుకోండి. దానికి 43 హెర్ట్జ్ దగ్గర తనదంటూ ఒక స్వరం ఉంటుంది. బేస్ గిటార్ లావు తీగ మీద మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ మీద ఉండే అడ్డ మెట్టు) నొక్కితే వచ్చేది దాదాపు అదే. వాడు ఆ ఫ్రెట్ నొక్కిన ప్రతిసారీ గది మొత్తం గొంతు కలుపుతుంది. మిగతా స్వరాలకి నోరు మెదపదు. ఇందాక చెప్పిన "ఒకటే స్వరం" జబ్బుకి మూలం ఇదే. పైగా మూలలో పెట్టారంటే, పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ ఒకేసారి రెచ్చగొట్టినట్టు. గదికి సరిగ్గా నడుమ కూర్చుంటే ఆ 43 దాదాపు వినపడదు. వెనక గోడకి తల ఆనించి కూర్చుంటే చెవులు హోరెత్తుతాయి. రెండు చోట్లా సబ్‌వూఫర్ అదే, నాబ్ అదే.

సరే, ఇప్పుడు పాకుదాం. సబ్‌వూఫర్‌ని ఎత్తి మీరు రోజూ కూర్చునే సోఫాలో కూర్చోబెట్టండి. అవును, మీ సీట్లోనే. బేస్ గిటార్ మెట్లెక్కుతూ దిగుతూ నడిచే పాట ఒకటి లూప్‌లో వేయండి. ఉత్త డ్రమ్స్ ఉన్న పాట పనికిరాదు, స్వరాలు మారాలి. ఇప్పుడు చెవి నేలకి దగ్గరగా పెట్టి గోడల వెంట పాకండి. ఇదిగో, ఈ మూలలో వింటున్నారా? బురదలో కాళ్లు తీసి వేస్తున్నట్టుంది. ఇటు మూరెడు జరిగాను, ఇంకా అంతే. ఈ పుస్తకాల అర పక్కకి వచ్చేసరికి... ఇక్కడ చూడండి, స్వరాలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. సోఫాలో పెట్టెకీ ఇక్కడున్న చెవికీ మధ్య గది ఎలా ప్రవర్తిస్తుందో, రెండింటి చోట్లు మార్చినా అలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి సబ్‌వూఫర్ ఉండాల్సింది ఇక్కడే. ఇంట్లోవాళ్లు చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. అన్నట్టు, ఇదంతా ఫోన్ స్పీకర్లో వింటున్నవాళ్లకి ఏ తేడా తెలీదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక నిమిషం వెనక్కెళ్లండి.

చోటు కుదిరాక నాబ్‌ల సంగతి. ఎన్ని హెర్ట్జ్ కింద ఉన్నది ఈ పెట్టె వాయించాలో తేల్చేది క్రాసోవర్ నాబ్. క్రాసోవర్ అనగానే 80 పెట్టెయ్యమంటారు. అది హోమ్ థియేటర్ లెక్క. అక్కడ రిసీవర్ (హోమ్ థియేటర్ యాంప్లిఫయర్) మెయిన్ స్పీకర్లని కూడా 80 దగ్గర ఆపేస్తుంది. చాలా స్టీరియో యాంప్లిఫయర్లలో ఆ సౌకర్యం ఉండదు, స్పీకర్లు తమ ఓపిక ఉన్నంతవరకు కిందికి వాయిస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు మీ స్పీకర్లు ఎక్కడ అలసిపోతాయో ఆ దరిదాపుల్లో, 50 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి. మరీ పెంచితే ఏమవుతుందో నా గొంతు మీదే చూపిస్తాను. ఇది 60లో నా గొంతు. ఇప్పుడు 120కి తిప్పాను. గాబులో తల పెట్టి మాట్లాడుతున్నట్టు లేదూ? పైగా ఇప్పుడు శబ్దం ఆ పెట్టె వైపు నుంచి వస్తోందని వేలు పెట్టి చూపించొచ్చు.

ఫేజ్ స్విచ్‌ని చాలామంది ముట్టుకోరు. సబ్‌వూఫర్ కోన్, స్పీకర్ల కోన్‌లు ఒకేసారి ముందుకి తోస్తున్నాయా, ఒకదానికొకటి ఎదురు తోస్తున్నాయా అన్నది సరిచేసేది ఇదే. ఇది ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు సీట్లో కూర్చోవాలి, ఇంకొకరు పెట్టె దగ్గర ఉండాలి. క్రాసోవర్ ఎంత పెట్టారో అదే హెర్ట్జ్‌లో ఒక టోన్ మోగించి, 0కీ 180కీ మధ్య మారుస్తూ ఉండాలి. సీట్లో ఉన్నవాళ్లకి ఎక్కడ గట్టిగా వినపడితే అది ఖాయం. స్విచ్ దగ్గర వంగున్న మనిషి అభిప్రాయం చెల్లదు.

వాల్యూమ్ మాత్రం మీరు రోజూ వినే స్థాయిలోనే సరిచూసుకోండి. చెవికి తక్కువ వాల్యూమ్‌లో బేస్ సరిగ్గా ఆనదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా పెట్టి సరిచేసుకుంటే రాత్రి నెమ్మదిగా వింటున్నప్పుడు బేస్ ఏమైపోయిందని వెతుక్కుంటారు.

యాంప్లిఫయర్‌కి సబ్ అవుట్ (సబ్‌వూఫర్ కోసం విడిగా ఉండే కనెక్షన్) లేదని బెంగ వద్దు. సబ్‌వూఫర్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటే స్పీకర్ టెర్మినల్స్ నుంచే వైరు లాగొచ్చు, అది తీసుకునే కరెంటు నామమాత్రం. పవర్ ఆపేసి కలపండి. క్లాస్ డీ (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే రకం) యాంప్లిఫయర్ అయితే ముందు మాన్యువల్ చూడండి, కొన్నింటిలో నెగెటివ్ టెర్మినల్‌ని గ్రౌండ్‌కి కలపకూడదు.

నా సొంత ఘనకార్యం ఒకటి. కొత్త సబ్‌వూఫర్ తెచ్చిన వారానికి ఒక పాటలో జర్‌ర్‌ర్ మని శబ్దం. కోన్ చిరిగిందనుకుని టెన్షన్ పడిపోయి, తిరిగి పంపించేద్దామని అట్టపెట్టెలో సర్దేశాను కూడా. ఆఖరిసారి అని బయటికి తీసి 20 నుంచి 100 హెర్ట్జ్ వరకు టోన్ నెమ్మదిగా పెంచుతూ పోయాను. ఒక చోట జర్‌ర్ మంది. శబ్దం వెంట వెళ్తే, గోడ మీద ఫొటో ఫ్రేమ్. వెనకాల చిన్న స్పాంజి ముక్క అంటించాను, రోగం కుదిరింది.

ఈక్వలైజర్‌తో (ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత ఉండాలో పెంచే, తగ్గించే సాధనం) సరిచేయొచ్చా అంటే, సగం వరకు. ఉబ్బినచోట తగ్గించొచ్చు. మాయమైనచోట ఎంత పోసినా చిల్లుకుండలో నీళ్లే, యాంప్లిఫయర్ వేడెక్కడం తప్ప ఒరిగేది లేదు. అక్కడ పనికొచ్చేది రెండో సబ్‌వూఫర్. హర్మన్‌లో (ఆడియో కంపెనీ) పరిశోధకుడు టాడ్ వెల్టీ దీని మీద బాగా లెక్కలు కట్టారు. రెండు ఉంటే ఎదురెదురు గోడల నడిమధ్యలో పెట్టమంటారు. రెండువైపుల నుంచి ఒకేసారి తోస్తే ఆ పొడవులో గది తీసే మొదటి రాగం అక్కడికక్కడే అణిగిపోతుంది. అదే డబ్బుకి ఒక పెద్దది, రెండు చిన్నవి అన్న ప్రశ్న వస్తే నా ఓటు రెండు చిన్నవాటికే.

నా గదిలో మాత్రం వెనక గోడ నడిమధ్యలో తలుపుంది. అందుకని నేను ఒక్కదానితోనే కాపురం చేస్తున్నాను.