ఇంటికన్నా ముందు దారి చూశాం

అందరికీ నమస్కారం అండీ. టైమ్ ఉదయం 7:25 అయింది, ఈరోజు మంగళవారం. మా ఆయన స్టీరింగ్ దగ్గర ఉన్నారు, నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. వెనకాల కనిపిస్తున్న ఇల్లు మాది కాదండీ, అద్దెకి తీసుకుందామా అని ఆలోచిస్తున్న ఇల్లు. ఇక్కడి నుంచి ఆఫీసుకి నిజంగా ఎంతసేపు పడుతుందో చూద్దామని పిల్లలిద్దర్నీ ఫ్రెండ్స్ ఇంట్లో దింపి మరీ పొద్దున్నే వచ్చాం. ఇల్లు లోపల ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు. ఈసారి ముందు దారి చూస్తాం, నచ్చితేనే తలుపు తీయించుకుంటాం.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇప్పుడున్న ఇల్లు మేం సరిగ్గా దీనికి రివర్స్‌లో తీసుకున్నాం. ఈ దేశం వచ్చిన కొత్తలో చేతిలో ఉన్నది రెండే వారాలు. ఫొటోల్లో పెద్ద హాలు, మూడు బెడ్‌రూమ్‌లు, వెనక పిల్లలు ఆడుకోవడానికి ఖాళీ స్థలం. ఆఫీసుకి 35 నిమిషాలే అని ఏజెంట్ చెప్పారు. మేం కూడా డ్రైవ్ చేసి చూశాం, 33 నిమిషాల్లో చేరాం. కానీ చూసింది ఆదివారం మధ్యాహ్నం. సంతకం పెట్టాక వచ్చిన మొదటి సోమవారం మా ఆయనకి గంటా పది నిమిషాలు పట్టింది. లీజు ఏడాదికి రాసుకున్నాం, తర్వాత పాపకి స్కూల్ అలవాటైందని ఇంకో ఏడాది పొడిగించాం.

బాబు డే కేర్ సాయంత్రం 6 గంటలకి మూసేస్తారు. ఒకరోజు హైవే మీద యాక్సిడెంట్ అయి ట్రాఫిక్ మొత్తం ఆగిపోయింది. నేను ఇటు ఇరుక్కుపోయాను, మా ఆయన నాకన్నా వెనక ఎక్కడో ఉన్నారు. ఫోన్ చేసి "కాస్త బాబుని తీసుకొస్తారా" అని అడగడానికి ఇక్కడ మాకు అమ్మమ్మ లేదు, పిన్ని లేదు. నేను చేరేసరికి 6:40. గదిలో సగం లైట్లు ఆర్పేశారు. వాడొక్కడే, బూట్లు వేసుకుని, బ్యాగ్ తగిలించుకుని, టీచర్ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఏడవలేదు. నన్ను చూసి "అమ్మా, ఇంకా రాత్రి అవ్వలేదు కదా?" అని అడిగాడు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇల్లు మారిపోదామని నేనే అన్నాను. మా ఆయన వెంటనే సరే అన్నారు.

సరే, 7:28కి బయల్దేరాం. నేను మాట్లాడుతూ ఉంటాను, ఆయన నడుపుతూ ఉంటారు.

ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాక కొన్ని సంగతులు తెలిశాయి. చెజారే మార్కెట్టి అనే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త 1994లో ఒక వ్యాసం రాశారు. అంతకు ముందు యాకోవ్ జహావి అనే రవాణా నిపుణుడు చేసిన పని ఆధారంగా, మనుషులు ఏ కాలంలోనైనా రోజుకి సుమారు ఒక గంట ప్రయాణానికి కేటాయిస్తారని ఆయన వాదన. నడిచే రోజుల్లో ఆ గంటకి సరిపడేంత ఊరే ఉండేది. రైలు, కారు వచ్చాక ఊళ్లు పెరిగాయి, గంట మాత్రం గంటగానే ఉండిపోయిందంటారు. రోజుకి గంట అంటే వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట. మా ఇంట్లో ఒక్క మనిషికే రెండున్నర గంటలు పోతున్నాయి. మాకు అలసట ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది.

ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. వెళ్లేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట తగ్గితే రోజుకి గంట మిగులుతుంది. ఏడాదికి 220 పని రోజులనుకుంటే 220 గంటలు. రాత్రీ పగలూ కలిపి తొమ్మిది రోజులకు పైమాటే. ఆ తొమ్మిది రోజులు పెద్ద హాలు కన్నా నాకు ఎక్కువ. ఆలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అని ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన సర్వే సమాచారాన్ని పరిశీలించారు. దూరం వెళ్లేవాళ్లకి ఆ కష్టానికి తగ్గట్టు మంచి జీతమో మంచి ఇల్లో దక్కి సంతృప్తి సమానంగా ఉండాలి కదా అని చూస్తే, అలా కనిపించలేదట. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద సంతృప్తి తగ్గుతూ వచ్చింది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గదులు కళ్లకి కనిపిస్తాయి, ట్రాఫిక్‌లో గడపబోయే సాయంత్రాలు కనిపించవు కదండీ. మేమూ అక్కడే మోసపోయాం.

ఇదిగో, ఎండ నేరుగా కళ్లలో పడుతోంది, చూస్తున్నారా? ఇది కూడా రాసుకోండి. ఆఫీసు మీ ఇంటికి తూర్పున ఉంటే పొద్దున వెళ్లేటప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, సాయంత్రం పడమరకి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఎదురుగానే ఉంటాడు. రెండు పూటలా కళ్లు చిట్లించుకుని నడపాలి. దీని కోసమే ఇల్లు వద్దనుకోనక్కర్లేదు గానీ, రోజూ నడిపేవాళ్లకి తెలియాల్సిన విషయం.

చేరిపోయాం. పార్కింగ్‌లోకి వచ్చేసరికి 8:03. కానీ ఇక్కడితో టైమ్ ఆపకూడదు. కారు పెట్టి, నడిచి, లిఫ్ట్ కోసం నిలబడి, సీట్లో కూర్చునే వరకు లెక్కపెట్టమన్నాను. మా ఆయన మెసేజ్ పెట్టారు, 8:14. అంటే మొత్తం 46 నిమిషాలు.

మర్నాడు ఇదే దారిలో రైలు చూశాం. స్టేషన్‌కి నడక 9 నిమిషాలు, ప్లాట్‌ఫామ్ మీద 6, రైల్లో 22, దిగాక 8. కలిపితే 45. కారుకీ దీనికీ తేడా లేదనిపిస్తుంది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ వారమంతా మా ఆయన రెండు పద్ధతుల్లోనూ మార్చి మార్చి వెళ్లారు. రైల్లో అన్ని రోజులూ ఐదారు నిమిషాలు అటూ ఇటూగా ఒకేలా పట్టింది. కారులో ఒకరోజు 41, వాన పడ్డ రోజు 78. సగటు చూసుకుంటే కారు ఫర్వాలేదు. కానీ డే కేర్ సగటు చూసి తలుపు తీసి ఉంచదు కదా. చెడ్డ రోజున ఎంత పడుతుందన్నదే చూడాలి. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఇప్పుడు ఎంత పడుతుందని చూడకుండా, ఎన్ని గంటలకి బయల్దేరతారో, ఎన్ని గంటలకి చేరాలో పెట్టి వెతకండి. కారుకి అది ఇంత నుంచి ఇంత వరకు అని చూపిస్తుంది. అందులో పెద్ద అంకెనే మీ లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు తర్వాతి వారం, గురువారం మధ్యాహ్నం. నేను ఒక్కదాన్నే నడుస్తున్నాను. మేం మొత్తం మూడు ఏరియాలు చూశాం. ఒకటి ఆఫీసుకి బాగా దగ్గర, పావుగంటలో చేరిపోవచ్చు. కానీ ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే. బాల్కనీలో నిలబడి మా ఆయన ఏదో అంటే నాకు వినిపించలేదు. దగ్గరుంటే చాలనుకున్నాను గానీ అక్కడ పిల్లల్ని గుమ్మం దాటనిచ్చే ధైర్యం నాకు రాలేదు. 1960ల చివర్లో డోనల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధుల్ని పరిశీలించారు. ఒక వీధిలో రోజుకి 2,000 వాహనాలు, ఇంకోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000. వాహనాలు తక్కువ తిరిగే వీధిలో ఉండేవాళ్లకి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులున్నారు. బాగా రద్దీగా ఉన్న వీధిలో ఆ సంఖ్య ఒకటి కన్నా తక్కువ. సొంతవాళ్లెవరూ లేని చోటికి వచ్చిన మనలాంటి వాళ్లకి ఇది చాలా పెద్ద విషయం అండీ. కారు హోరులో ఎవరూ ఆగి పలకరించరు.

రెండో ఏరియా గురించి ఎక్కువ చెప్పను. అన్నీ బాగున్నాయి, స్కూల్లో మాత్రం మా పాప తరగతిలో సీటు లేదు. ఈ స్కూల్ విషయం జాగ్రత్త. చాలా దేశాల్లో ప్రభుత్వ స్కూల్‌లో సీటు మీ అడ్రస్‌ని బట్టి ఉంటుంది. ఇంటి ప్రకటనలో "స్కూల్ దగ్గరే" అని రాసినంత మాత్రాన ఆ ఇల్లు ఆ స్కూల్ పరిధిలో ఉందని కాదు. రోడ్డుకి ఇటు ఒక స్కూల్, అటు ఇంకో స్కూల్ కావచ్చు, సరిహద్దులు మారుస్తూ కూడా ఉంటారు. డోర్ నంబర్‌తో సహా చెప్పి స్కూల్ ఆఫీసునే అడగండి, తరగతిలో ఖాళీ ఉందా అని కూడా అడగండి. రేటింగ్‌లు నేనూ చూశాను. కానీ ఆ అంకెల్లో పరీక్షల మార్కుల పాత్ర ఎక్కువగా ఉంటుంది, మార్కుల్లో ఇంటి పరిస్థితుల పాత్ర చాలా ఉంటుంది. కొత్తగా వచ్చి భాష సరిగ్గా రాని పిల్లలకి మీరేం చేస్తారని అడిగితే ఆ టీచర్ ఎంత వివరంగా జవాబు చెప్పారన్నది నాకు రేటింగ్ కన్నా ఎక్కువ చెప్పింది.

ఇక ఇది మూడో ఏరియా, మొదట్లో మీకు చూపించిందే. స్కూల్ వదిలే టైమ్‌కి కావాలనే వచ్చాను. పిల్లల ముఖాలు పడకుండా కెమెరా కిందకి దించుతున్నాను, మీరు వాళ్ల గొంతులు వినండి. ఎంతమంది నడిచి ఇళ్లకి వెళ్తున్నారో, ఎంతమంది కార్లు ఎక్కుతున్నారో చూస్తున్నాను. ఇక్కడ సగానికి పైగా నడుస్తున్నారు. కాస్త పెద్ద పిల్లలైతే అమ్మానాన్నలు లేకుండా గుంపుగా వెళ్తున్నారు. ఈ ఊరివాళ్లు తమ పిల్లల్ని అలా పంపిస్తున్నారంటే, ఆ వీధి మీద వాళ్లకి నమ్మకం ఉన్నట్టే.

ఇప్పుడు క్రాసింగ్ దగ్గర కింద కూర్చుని తీస్తాను. బాబు ఎత్తు దాదాపు మీటరు. ఆ ఎత్తు నుంచి చూడండి, పార్క్ చేసిన కారు వెనక నుంచి ఏం వస్తోందో ఏమైనా తెలుస్తోందా? నిలబడితే నాకు అంతా కనిపిస్తుంది, వాడికి కారు బంపర్ తప్ప ఏమీ కనిపించదు. ఇంకో సందు ముందు ఫుట్‌పాత్ కాస్త రోడ్డులోకి జరిపి కట్టారు, అక్కడ కార్లు అడ్డం రావు. బాబుని అక్కడే దాటిస్తాను. ఈ లోపలి వీధుల్లో వేగం గంటకి 30 కిలోమీటర్లు అని బోర్డులున్నాయి. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన రోడ్డు భద్రత సదస్సు ప్రకటనలో కూడా, నడిచేవాళ్లు వాహనాలతో కలిసే చోట 30 దాటకూడదనే చెప్పారు. బోర్డు ఉంటే సరిపోదు, జనం పాటిస్తున్నారా అని పది నిమిషాలు నిలబడి చూశాను. దారి మధ్యలో స్పీడ్ బ్రేకర్లు ఉండటంతో తగ్గించక తప్పడం లేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది, స్కూల్‌కి వెళ్లడానికి పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. 1929లో క్లారెన్స్ పెర్రీ అనే అమెరికన్ ప్లానర్ సరిగ్గా ఇదే సూత్రం రాశారు. స్కూల్ మధ్యలో ఉండాలి, పెద్ద రోడ్లు నివాస ప్రాంతం అంచుల్లో ఉండాలి, నడిచి వెళ్లే దూరంలో పార్కు, దుకాణాలు ఉండాలి. దాదాపు వందేళ్ల కిందటి మాట, కానీ మా పాప చెయ్యి పట్టుకుని నడిచినప్పుడు ఎంత నిజమో తెలిసింది. నా మామూలు నడకకి 7 నిమిషాలు, తనతో 12. మీరు లెక్క వేసేటప్పుడు పిల్లల నడకే పట్టుకోండి.

రాత్రి 9 గంటలకి ఇంకోసారి వచ్చాం, వీధి దీపాలు, స్టేషన్ నుంచి వచ్చే దారి చూడటానికి. బాగానే ఉంది.

ఇంటికెళ్లి కాగితం మీద ఇల్లు, స్కూల్, డే కేర్, మా ఇద్దరి ఆఫీసులు చుక్కలుగా పెట్టుకున్నాం. పగలు స్కూల్ నుంచి ఫోన్ వస్తే అరగంటలో ఎవరో ఒకరు చేరగలగాలి అన్నది మేం పెట్టుకున్న నియమం. నేను వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తాను, మిగతా మూడు రోజులు నా ఆఫీసు నుంచి ఇక్కడికి 25 నిమిషాలు. మూడు చోట్లలో ఈ ఇంటికే ఆ లెక్క కుదిరింది. ఇల్లు చిన్నది, రెండే బెడ్‌రూమ్‌లు, వెనక ఖాళీ స్థలం లేదు. అద్దె కాస్త ఎక్కువే. కానీ రెండో కారు అవసరం లేదు కాబట్టి దాని పెట్రోలు, ఇన్సూరెన్స్, పార్కింగ్ కలిపి చూస్తే మాకు భారం పెరగలేదు.

మనవాళ్లు ఎక్కువున్న ఏరియాకి ఎందుకు వెళ్లలేదని చాలామంది అడిగారు. పండక్కి, పలకరింపుకి మనవాళ్లు దగ్గరుంటే ఎంత ధైర్యమో నాకు తెలుసు, అక్కడికి నెలకోసారైనా వెళ్తాం. కానీ స్కూల్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని తల్లిదండ్రులు కాకుండా ఇంకో రెండు పేర్లు రాయమంటారు. రెండేళ్లుగా ఆ గడులు ఖాళీగా వదిలేశాం. అక్కడ రాసే మనిషి పది నిమిషాల్లో స్కూల్ దగ్గరుండగలగాలి. అలాంటి మనిషి ఏ భాష మాట్లాడినా నాకు ఫర్వాలేదు.

ఇది నెల తర్వాత తీస్తున్న క్లిప్ అండీ. కొత్తింట్లోకి వచ్చి మూడు వారాలైంది, డబ్బాలు ఇంకా సగం విప్పలేదు. పై అంతస్తులో ఉండే పెద్దావిడ మెట్ల మీద కలిసినప్పుడు నేనే మొహమాటం లేకుండా అడిగాను, ఫారంలో మీ పేరు రాసుకోవచ్చా అని. ఆవిడ వెంటనే తన నంబర్ నా ఫోన్‌లో తనే టైప్ చేశారు. ఒక గడి నిండింది.

ఇప్పుడు సాయంత్రం 5:20. మా ఆయన రైలు దిగి నేరుగా డే కేర్‌కి నడిచి వచ్చారు, నేనూ కలిశాను. పిల్లలందరూ ఇంకా బయటే ఆడుకుంటున్నారు. మావాడు ఇసుకలో కూర్చుని ఉన్నాడు, బూట్లు విప్పేసి. మమ్మల్ని చూసి లేవలేదు.

"అప్పుడే ఎందుకొచ్చావ్ నాన్నా?"