శిమిలిగుడలో ఎవరు దిగుతారు?

అందరికీ నమస్కారం. విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్ ఎక్కినవాళ్లు చేతులెత్తండి. పర్లేదు, చాలామందే ఉన్నారు. మరి బొర్రా, అరకు కాకుండా దారిలో చిన్న స్టేషన్లు త్యాడలోనో చిమిడిపల్లిలోనో దిగినవాళ్లు? అదీ సంగతి.

ఊరే కనిపించని చోట స్టేషన్ ఎందుకు కట్టారని చాలామంది అడుగుతారు. అసలు ఈ లైను మనకోసం వేసింది కాదండీ, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. సింగిల్ లైను కాబట్టి ఎదురొచ్చే బండికి దారివ్వాలంటే మధ్యమధ్యలో లూప్ లైను, అంటే ఒక బండి పక్కకు తప్పుకుని ఆగే పట్టాలు ఉండాలి, దాన్ని చూసుకోవడానికి స్టేషన్ మాస్టరు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉండాలి. అంతే, స్టేషన్ అయిపోయింది! మనం కిటికీ దగ్గర కూర్చుని "మళ్లీ క్రాసింగ్ పడిందిరా బాబూ" అని విసుక్కునేది ఆ స్టేషన్ చేసే అసలు పనినే.

ఇదే లైన్లో అరకుకు ముందొచ్చే శిమిలిగుడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాశ్మీర్ లోయలో రైలు పడేదాకా దేశంలో ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇదే. అద్దాల బోగీలో వెళ్లేవాళ్లు బోర్డుకో ఫోటో తీసి సరిపెట్టుకుంటారు, నాకైతే అక్కడ చూడాల్సింది బోర్డు కాదు. లోడు గూడ్సు దిగేటప్పుడు చూడండి. ఒకదాని వెనక ఒకటి ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు, అవి తరగవు, ఆ చివర గార్డు పచ్చ జెండా చూపిస్తే ఇటు నుంచి పాయింట్స్‌మన్ కూడా చూపిస్తాడు.

పొద్దున పాసింజర్‌లో దిగితే మధ్యాహ్నం తిరుగు బండి దాకా మీరు అక్కడే. తిండి, నీళ్లు మీరే తెచ్చుకోండి, తిరుగు బండి టైము ముందే కనుక్కోండి, స్టేషన్ మాస్టర్ గారికి ఒక మాట చెప్పి కూర్చోండి. సొరంగాల వైపు మాత్రం అడుగెయ్యొద్దు. పట్టాల మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, పైగా సొరంగంలో బండొస్తే తప్పుకోడానికి చోటు వెతుక్కోవాలి.

ఇప్పుడు డబ్లింగ్ పని నడుస్తోంది. రెండో లైను పూర్తయితే ఈ క్రాసింగులు చాలావరకు పోతాయి, అప్పుడు ఇన్ని స్టేషన్లలో మనిషిని ఉంచుతారన్న నమ్మకం నాకు లేదు. వెళ్లాలనుకుంటే త్వరగా వెళ్లండి, వానలు తగ్గాక, ఎందుకంటే వానల్లో కొండచరియలు పడి బండ్లు ఆగిపోతుంటాయి.