మూడు పీరియడ్ల అప్పు

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున ఐదింటికే గంట మోగుతుంది. స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, భోజనం, మళ్లీ క్లాసులు, మళ్లీ స్టడీ అవర్. రాత్రి దీపాలు ఆర్పేదాకా పిల్లవాడి రోజు వాడి చేతిలో ఉండదు. వారం తిరిగేసరికి ఒక పరీక్ష, ఆ మార్కులు నేరుగా నాన్నగారి ఫోనుకు. రెండేళ్లు ఇలా గడిపిన పిల్లలే ఇంజనీరింగులోనో డిగ్రీలోనో చేరతారు. అక్కడ ఐదింటికి గంట మోగదు. ఎవరూ వచ్చి దుప్పటి లాగరు. మొదటి సంవత్సరం వాళ్లకు నేను ముప్ఫై ఏళ్లు గణితం చెప్పాను. మొదటి సెమిస్టర్‌లో తప్పినవాళ్లను ఎంతోమందిని చూశాను. వాళ్లలో తెలివి చాలక తప్పినవాళ్లు చాలా కొద్దిమంది. మిగిలినవాళ్లంతా దుప్పటి లాగేవాళ్లు లేక తప్పినవాళ్లే.

అందుకే ముందు హాజరు సంగతి. మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల సెమిస్టర్ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా ఉండి, జబ్బు చేసిందనో మరొకటో సరైన కారణం చూపితే, రుసుము కట్టించుకుని పరీక్షకు రానిస్తారు. దానికి కండొనేషన్ అని పేరు. అంతకన్నా తగ్గితే డిటెన్షన్. అంటే మరుసటి ఏడు జూనియర్ల పక్కన కూర్చుని అదే సెమిస్టర్ మళ్లీ చదవాలి.

పిల్లలు ఈ నిబంధనను తమకు అనుకూలంగా చదువుకుంటారు. ‘అయితే పాతిక శాతం మానేయవచ్చన్నమాట’ అంటారు. లెక్కల మాస్టారిని కాబట్టి ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. మానేసిన ప్రతి పీరియడ్‌కూ మూడు పీరియడ్లు వరసగా హాజరైతేనే ఆ 75 దగ్గర నిలుస్తారు. ఒకటి ఎగ్గొడితే మూడు అప్పు. ల్యాబు సాధారణంగా ఒక మధ్యాహ్నమంతా, మూడు పీరియడ్లు కలిపి ఉంటుంది. అది ఒక్కరోజు మానితే తొమ్మిది పీరియడ్ల అప్పు.

వారానికి నాలుగు పీరియడ్లున్న సబ్జెక్టు పదహారు వారాలు జరిగితే మొత్తం 64 పీరియడ్లు. పన్నెండు వారాలు గడిచాక, అంటే 48 పీరియడ్లయ్యాక, ఒక అబ్బాయికి మెలకువ వచ్చిందనుకుందాం. అప్పటికి అతను వచ్చినవి 28. మిగిలిన పదహారుకూ ఒక్కటి వదలకుండా వచ్చినా 44 అవుతాయి. 64లో 44 అంటే 69 శాతం కూడా నిండదు. ఇలాంటి అబ్బాయి డిసెంబరులో స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర నిలబడి, ‘సార్, రేపటి నుంచి రోజూ వస్తాను’ అంటాడు. నిజంగానే వస్తాడు కూడా. కానీ లెక్క ఎవరి మాటా వినదు. 64లో పాతిక శాతంగా మానుకునే వీలున్న పదహారు పీరియడ్లను వానాకాలం జ్వరాలకు, ఇంట్లో పెళ్లికి దాచుకోండి. కొత్త సినిమా మొదటి ఆటకు ఖర్చుపెట్టేవాళ్లను నేను ఆపలేకపోయాను. రేడియోలో చెప్పి ఆపగలనన్న భ్రమ కూడా లేదు.

ఇక పరీక్షలు. ఎంసెట్‌లో, ఇప్పటి పేరు ఈఏపీసెట్, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని పట్టుకోవడంలో మన పిల్లలు ఆరితేరిపోతారు. అదే పిల్లలకు సెమిస్టర్ పరీక్షలో ‘ఈ సిద్ధాంతాన్ని నిరూపించండి’ అని ఇస్తే, చివరి ఫలితం ఒక్కటి రాసి పెన్ను కింద పెడతారు. జవాబు తెలియక కాదు, మెట్లు రాయడం మరిచిపోయారు. మార్కులు ఆ మెట్లకే ఉంటాయి. మొదటి నెల నుంచీ వారానికి రెండు జవాబులు పూర్తిగా, గడియారం చూసుకుంటూ కాగితం మీద రాయండి. లైబ్రరీలో పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి, అడిగి తీసుకోండి. సిలబస్ కాపీ ఒకటి మొదటి వారంలోనే దగ్గర పెట్టుకోండి. పరీక్ష ముందు రాత్రి ‘ఐదో యూనిట్ ఉందా’ అని ఆశ్చర్యపోయినవాళ్లు నాకు ప్రతి ఏడూ తగిలేవారు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చేవాళ్ల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఒక ఏడాది మూడో బెంచీలో ఒక అబ్బాయి నేను చెబుతున్నంతసేపూ తల వంచుకుని రాస్తూనే ఉండేవాడు. ఒకరోజు నోటు పుస్తకం తీసుకుని చూశాను. లెక్కలన్నీ పద్ధతిగా ఉన్నాయి. మార్జిన్‌లో మాత్రం నా నోటి వెంట వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. ‘కంటిన్యుటీ’, ‘డిస్క్రీట్’, ‘ఆర్బిట్రరీ’. కొన్నింటి పక్కన ప్రశ్నార్థకం. ఇవేమిటని అడిగితే చెవులు ఎర్రబడ్డాయి. ‘స్పెల్లింగ్ తెలియదు సార్, ముందు విన్నట్టు రాసుకుని రాత్రి డిక్షనరీలో వెతుక్కుంటాను’ అన్నాడు. ‘ఆర్బిట్రరీ’కి మూడు రోజులు పట్టిందట. ఆ మాటకు తెలుగులో నువ్వు చదివిన మాట ఇదే కదా అని గుర్తుచేస్తే అతని ముఖం వెలిగింది. విషయం ముందే వచ్చు, పేరు మారిందంతే. దసరా సెలవుల నాటికి మార్జిన్‌లో ప్రశ్నార్థకాలు పలచబడ్డాయి. సంక్రాంతి తర్వాత మార్జిన్ ఖాళీ. ఇంగ్లీషులో అడగడానికి బెరుకుగా ఉంటే తెలుగులోనే అడగండి. మాస్టార్లలో సగానికి సగం మంది మీలాగే తెలుగులో చదువుకుని వచ్చినవాళ్లే, పైకి చెప్పుకోరు.

హాస్టల్ భోజనం గురించి నేను చెప్పేదేమీ లేదు. ఎవరికీ నచ్చదు, నాలుగేళ్ల తర్వాత అందరూ దాన్నే తలుచుకుంటారు. ఇంటి మీద బెంగ మాత్రం చిన్న విషయం కాదు. మొదటి నెలలో ప్రతి శనివారం ఊరికి బస్సెక్కేవాళ్లకు హాస్టల్ ఎప్పటికీ అద్దె గదిలాగే ఉంటుంది. రెండు మూడు ఆదివారాలు అక్కడే ఉండి చూడండి. బట్టలు ఉతుక్కునే చోట అయ్యే స్నేహాలు క్లాసులో కావు. బెంగ తగ్గక నిద్రా తిండీ మానేసే స్థితి వస్తే దాచుకోవద్దు. మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోను చేయండి. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ర్యాగింగ్‌ను ‘సరదా’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే అది నేరమని చట్టం వచ్చింది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకు రాత్రీ పగలూ పనిచేసే నంబరు 1800 180 5522. కాగితం మీద రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను: 1800 180 5522.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పదకొండు గంటలకు క్లాసు జరుగుతుంటే ‘తిన్నావా’ అని ఫోను చేయకండి. రాత్రి చేయండి. ‘మార్కులెన్ని’ అని మొదలుపెట్టకుండా, గదిలో ఎవరెవరు ఉంటున్నారో అడగండి. సంభాషణ సాగుతుంది.

ఈ వారం పెట్టె సర్దుకుంటున్నవాళ్లు తాళం, బకెట్టు, సర్టిఫికెట్ల జిరాక్సులు రెండేసి, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఓ పది ఎలాగూ పెట్టుకుంటారు. వాటితో పాటు ఒక చిన్న అలారం గడియారం కూడా పెట్టుకోండి. ఫోనులో ఉంది కదా అంటారు. అలారం ఆపడానికి ఫోను అందుకున్న చెయ్యి అరగంటదాకా దాన్ని వదలదు. గడియారాన్ని మంచానికి దూరంగా, లేచి నాలుగడుగులు వేస్తే తప్ప అందని కిటికీ మీద పెట్టండి.

సెలవు.